స్థిరాస్తి పెట్టుబడిలో అంతర్జాల వినియోగం (ఆంధ్రప్రదేశ్, తెలంగాణ)

స్థలం, పొలం, ఫ్లాటు, వాణిజ్య భవనం వంటి ఆస్తులపై పెట్టుబడి పెట్టదలచినవారు వాటి ధర, హక్కు, అనుమతులు, వివాదాల సమాచారాన్ని ఆన్‌లైన్‌లో సేకరించడం, కొనుగోలు మెలకువలు నేర్చుకోవడం, అమ్మకానికి ఉన్న ఆస్తులను గుర్తించడం ఈ వ్యాస పరిధి. ఇందులో మూడు రకాల వనరులు ఉన్నాయి: ప్రభుత్వ రికార్డుల పోర్టళ్ళు, ప్రైవేటు ప్రకటనల వేదికలు, వీడియోల రూపంలోనూ పాఠాల రూపంలోనూ దొరికే బోధన. మొదటిదానికి చట్టబద్ధమైన విలువ ఉంది కానీ వాడకం కష్టం. రెండోది వాడడం తేలిక, బాధ్యత తక్కువ. మూడోదాని నాణ్యత చెప్పేవారిని బట్టి మారుతుంది. ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఈ మూడూ వేర్వేరు కాలాల్లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పెరిగాయి. ఒక ఆస్తి గురించి పూర్తిగా తెలుసుకోవాలంటే నాలుగైదు చోట్ల వెతకవలసి రావడానికి కారణం ఇదే.

చరిత్ర

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ శాఖ కంప్యూటరీకరణ 1998 నవంబరులో ‘కార్డ్’ పేరుతో 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో మొదలైంది. ఐ.ఏ.ఎస్. అధికారి జె.సత్యనారాయణ దీని రూపకర్త. అంతకుముందు ఒక ఆస్తిపై పాత లావాదేవీలు తెలియాలంటే సిబ్బంది సూచిక పుస్తకాలను ఏడాది వెంట ఏడాది తిరగేయాలి, దరఖాస్తుదారు రోజుల తరబడి తిరగాలి. కార్డ్ వచ్చాక ఈ లావాదేవీల జాబితా అయిన ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) నిమిషాల్లో చేతికందింది. ఇంటి నుంచే చూసుకునే వీలు మాత్రం చాలా ఏళ్ళ తర్వాత గానీ రాలేదు.

ప్రకటనల వేదికలు దీనితో నిమిత్తం లేకుండా పుట్టాయి. 2005లో 99ఏకర్స్, 2006లో మ్యాజిక్‌బ్రిక్స్, 2012లో హౌసింగ్ డాట్ కామ్, 2014లో బెంగళూరు కేంద్రంగా నోబ్రోకర్ వచ్చాయి. దినపత్రికల క్లాసిఫైడ్స్‌లో రెండు మూడు పంక్తుల్లో ఇమిడే సమాచారం వీటిలో ఫొటోలు, ప్లాన్లు, మ్యాపులతో విస్తరించింది. హక్కు పత్రాల సంగతి మాత్రం క్లాసిఫైడ్స్‌లో ఎంత ఉండేదో ఇక్కడా అంతే ఉంది.

రాష్ట్ర విభజన తర్వాత భూరికార్డులు రెండు దారులు పట్టాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ‘మీభూమి’ వచ్చింది. అడంగల్, 1బి (హక్కుల రికార్డు), గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) అందులో చూడవచ్చు. తెలంగాణలో 2017 సెప్టెంబరులో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన ఆధారంగా 2020 అక్టోబరు 29న ‘ధరణి’ ప్రారంభమైంది. సాగుభూమికి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) రెండూ తహసీల్దారు కార్యాలయంలో ఒకేసారి జరిగే ఏర్పాటు దానితో వచ్చింది. ప్రక్షాళనలో వివాదాస్పదంగా తేలి పార్ట్-బిలో చేరిన భూములు, పొరపాట్లు దిద్దడానికి కింది స్థాయి అధికారులకు అధికారం లేకపోవడం, అనుభవదారు కాలమ్ తొలగింపు విమర్శలకు గురయ్యాయి. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో ‘భూభారతి’ వచ్చింది. దానికి ఆధారమైన కొత్త చట్టం అప్పీళ్ళకు, సవరణలకు అవకాశం కల్పించింది.

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) 2016లో ఆమోదం పొంది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. బిల్డరు వివరాలు, అనుమతులు, గడువులు బహిరంగంగా వెబ్‌సైట్‌లో ఉంచాలని ఈ చట్టం చెప్పింది.

ప్రభుత్వ రికార్డులు: ఏది ఏం చెబుతుంది

ఈసీ. ఒక ఆస్తిపై నిర్ణీత కాలంలో రిజిస్టరైన అమ్మకం, దానం, తనఖా, భాగపంపిణీ వంటి లావాదేవీల జాబితా. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలోనూ దొరుకుతుంది. కంప్యూటరీకరణకు ముందు కాలానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికే వెళ్ళాలి. ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, వీలునామాలు, నోటిమాట పంపకాలు, వారసుల తగాదాలు కనిపించవు. సర్వే నంబరు, ఇంటి నంబరు రాసే తీరు దస్తావేజుకూ దస్తావేజుకూ మారుతుంది కనుక ఒకే నంబరుతో వెతికి ‘ఏమీ లేదు’ అనుకోవడం ప్రమాదం. అనుభవజ్ఞులు సర్వే నంబరు, ప్లాటు నంబరు, దస్తావేజు నంబరు, సరిహద్దులు ఇలా వేర్వేరు దారుల్లో వెతుకుతారు.

పహాణి, అడంగల్, 1బి. పహాణి తెలంగాణ వాడుక, అడంగల్ ఆంధ్ర వాడుక. సాగుభూమి విస్తీర్ణం, పట్టాదారు, భూమి స్వభావం వీటిలో ఉంటాయి. పెట్టుబడిదారు మొదట చూడవలసింది స్వభావం. పట్టాభూమా, అసైన్డ్ భూమా, ఇనామా, వక్ఫ్ లేదా దేవాదాయ భూమా అన్నది ఇక్కడే తేలుతుంది. అమ్మకూడదన్న షరతుతో ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమిని కొనుగోలు చేస్తే, మధ్యలో ఎన్ని చేతులు మారినా, వెనక్కి తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది.

22ఏ జాబితా. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షను కింద నిషేధిత ఆస్తుల జాబితా. ఇందులో ఉన్న సర్వే నంబరుకు రిజిస్ట్రేషన్ జరగదు. సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వానిదైనా మొత్తం నంబరు జాబితాకెక్కిన ఉదాహరణలు ఉన్నాయి. కాబట్టి జాబితాలో పేరుండడం, హక్కు లేకపోవడం ఎప్పుడూ ఒకటి కాదు. తొలగింపుకు పట్టే కాలం మాత్రం పెట్టుబడిని స్తంభింపజేస్తుంది.

రెరా వెబ్‌సైట్. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన యూనిట్లతో గానీ చేపట్టే ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేకుండా ప్రకటన ఇవ్వడం కూడా నేరమే. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం నిర్మాణానికీ భూమి ఖర్చుకూ ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. రాతపూర్వక, రిజిస్టర్డ్ ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. నిర్మాణ లోపాలకు స్వాధీనం నాటి నుంచి ఐదేళ్ళు బాధ్యత బిల్డరుదే. ప్రాజెక్టు పేజీలో పనుల పురోగతి ప్రతి మూడు నెలలకూ తాజాగా ఉండాలి. ప్రకటనలోని గడువుకూ పేజీలో బిల్డరు స్వయంగా ఇచ్చిన గడువుకూ తేడా ఉంటే, రెండోదే ప్రమాణం. ఫిర్యాదులు, తీర్పులు అక్కడే ఉంటాయి. ఒక సంస్థ గత నడవడి తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు, అయినా ఎక్కువమంది రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసుకుని అక్కడితో ఆగిపోతారు.

మాస్టర్ ప్లాన్, చెరువులు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో ఒక సర్వే నంబరు నివాస జోన్‌లో ఉందా, పరిరక్షణ జోన్‌లో ఉందా అన్నది భూవినియోగ పటంలో తెలుస్తుంది. చెరువుల పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్), బఫర్ హద్దుల పటాలు కూడా హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లో ఉంచింది. 2024 జులైలో చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే సంస్థ ‘హైడ్రా’ ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక ఈ పటాలను చూసేవారు బాగా పెరిగారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే, 2009లో వచ్చిన ‘భువన్’, గూగుల్ ఎర్త్‌లోని పాత ఉపగ్రహ చిత్రాలు మరో సాక్ష్యం. ఇప్పుడు చదునుగా ఉన్న వెంచర్ పదిహేనేళ్ళ కిందటి వానాకాలంలో నీళ్ళలో ఉందేమో వాటిలో చూడవచ్చు.

కోర్టులు, తనఖాలు, కంపెనీలు. ఈ-కోర్ట్స్ పోర్టల్లో కక్షిదారు పేరుతో కేసులు వెతకవచ్చు. పేర్ల వర్ణక్రమం నిలకడగా ఉండదు కనుక ఇంటిపేరు ముందు, వెనక పెట్టి రెండు విధాలా చూడాలి. దస్తావేజులు బ్యాంకులో ఉంచి తీసుకున్న అప్పులు 2011లో ఏర్పడిన కేంద్ర తనఖా రిజిస్ట్రీ ‘సెర్సాయ్’లో నామమాత్రపు రుసుముతో తెలుస్తాయి. అమ్మేది కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో దాని డైరెక్టర్లు, ఆస్తులపై ఉన్న ఛార్జీలు కనిపిస్తాయి.

రికార్డుకూ హక్కుకూ మధ్య దూరం

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దస్తావేజును నమోదు చేస్తుందే తప్ప అమ్మినవారికి అమ్మే హక్కు ఉందని హామీ ఇవ్వదు. పాస్‌బుక్, పహాణి కూడా రెవెన్యూ అవసరాలకు పుట్టినవే. దేశంలో ఉన్నది ఊహాత్మక హక్కు విధానం, అంటే ఎవరూ కాదని నిరూపించేదాకా రికార్డులో పేరున్నవారే యజమాని. ప్రభుత్వ హామీతో కూడిన హక్కు విధానాన్ని ఆంధ్రప్రదేశ్ భూహక్కుల చట్టం ప్రతిపాదించింది. 2023లో అమల్లోకి వచ్చి, న్యాయవాదుల నిరసనలకు, ఎన్నికల ప్రచారానికి ప్రధానాంశమై, ప్రభుత్వం మారాక 2024లో రద్దయింది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద జరిగే అమ్మకాలు హక్కును బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది.

రికార్డుకూ హక్కుకూ ఉన్న ఈ దూరానికి పర్యవసానం ఒకటే. ఆన్‌లైన్ రికార్డు ఒక ఆస్తిని వద్దనుకోవడానికి చాలినంత ఆధారం ఇస్తుంది, కొనడానికి చాలినంత ఇవ్వదు. 22ఏలో ఉందనో, బఫర్‌లో ఉందనో, కేసు నడుస్తోందనో తెలిస్తే అక్కడితో సరి. ఏ లోపమూ కనిపించకపోతే మాత్రం పని మొదలైందనే అర్థం. లింక్ డాక్యుమెంట్లు న్యాయవాది చదవాలి, సర్వేయరు హద్దులు కొలవాలి, పక్క రైతును అడగాలి.

ధరల సమాచారం

పోర్టళ్ళలో కనిపించేది అడిగే ధర. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉండేది ప్రభుత్వ విలువ, అంటే స్టాంపు సుంకం లెక్కించడానికి నిర్ణయించిన కనీస ధర. నిజంగా చేతులు మారిన ధర ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. లావాదేవీలో కొంత నగదుగా సాగడం, దస్తావేజులో ప్రభుత్వ విలువ దగ్గరే రాయడం పాత అలవాటు కనుక రిజిస్టరైన ధరల మీద ఆధారపడే ఏ విశ్లేషణైనా తక్కువ చూపుతుంది. 2007లో మొదలైన జాతీయ గృహనిర్మాణ బ్యాంకు ‘రెసిడెక్స్’ సూచీలో హైదరాబాద్ ఉంది. అది నగరం మొత్తం పోకడ చెబుతుంది గానీ వీధి ధర చెప్పదు. బ్యాంకుల ఆస్తి విలువ అంచనాలు, వేలంలో పలికిన ధరలు వాస్తవానికి కొంత దగ్గర.

కొలతలు మరో చిక్కు. ఎకరానికి 4,840 గజాలు. తెలంగాణలో ఎకరం 40 గుంటలు, గుంట 121 గజాలు. ఆంధ్రలో ఎకరం 100 సెంట్లు, సెంటు 48.4 గజాలు. ఎకరం కోటి అన్న ప్రకటనకు గజం సుమారు 2,066 రూపాయలు పడుతుంది. కానీ పొలం ధరను పక్క వెంచర్ గజం ధరతో పోల్చకూడదు. లేఅవుట్ చేస్తే రోడ్లకూ ఖాళీ స్థలానికీ పోగా అమ్ముకోవడానికి మిగిలేది సగం పైచిలుకే. ఫ్లాట్లలో కార్పెట్ ఏరియా (బయటి గోడల లోపలి స్థలం) ప్రమాణమని రెరా చెప్పినా పోర్టళ్ళలో ఇప్పటికీ ఉమ్మడి స్థలాలు కూడా కలిపిన సూపర్ బిల్టప్ ఏరియా రాజ్యమేలుతోంది.

అద్దె రాబడి లెక్క ఆన్‌లైన్‌లో తేలికే. 80 లక్షల ఫ్లాటుకు నెలకు 22 వేలు అద్దె వస్తే ఏడాదికి 2.64 లక్షలు, అంటే 3.3 శాతం. నిర్వహణ, ఆస్తిపన్ను, ఖాళీగా ఉన్న నెలలు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. కొనుగోలు ఖర్చులో రిజిస్ట్రేషన్‌కు సంబంధించిన సుంకాలు, రుసుములు కలిపి ఉభయ రాష్ట్రాల్లో సుమారు 7.5 శాతం చేరతాయి. ప్రచార వీడియోల లెక్కల్లో ఈ అంకె అరుదుగా వినిపిస్తుంది.

అవకాశాల అన్వేషణ: ప్రకటనలు

పోర్టల్లోని ప్రకటనలు యజమానివి, ఏజెంటువి, బిల్డరువి. ఒకే ఫ్లాటును ముగ్గురు నలుగురు ఏజెంట్లు వేర్వేరు ధరలకు పెట్టడం మామూలు. అన్నిటికంటే పాత తేదీ ఉన్న ప్రకటనను, అందులో ధర ఎన్నిసార్లు తగ్గిందో చూడడం బేరానికి పనికొచ్చే సమాచారం. నెలల తరబడి ఉండి ధర దిగుతున్న ఆస్తికి తొందర అమ్మేవారిదైనా అయి ఉండాలి, లోపం పత్రాలలోనైనా ఉండాలి. రెరా చట్టం ప్రకారం, రిజిస్ట్రేషన్ తప్పనిసరైన ప్రాజెక్టుల్లో యూనిట్లు అమ్మించే ఏజెంటు రెరా నంబరు పొంది ఉండాలి.

వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ జిల్లా పట్టణాల్లో పెద్ద పోర్టళ్ళ కంటే చురుకైనవి. సిద్దిపేటలోనో నరసరావుపేటలోనో వంద గజాల ప్లాటు పోర్టల్‌కెక్కకముందే గ్రూపులో తిరుగుతుంది. వీటిలో ప్రకటనకు జవాబుదారీ ఎవరూ ఉండరు.

అవకాశాల అన్వేషణ: ఈ-వేలం

ఆన్‌లైన్‌లో ఆస్తిని గుర్తించి, ఆన్‌లైన్‌లోనే ధర ఖరారు చేసుకునే వీలున్నది ప్రధానంగా వేలంలోనే.

సర్ఫేసి చట్టం (2002) కింద బ్యాంకులు కోర్టుకు వెళ్ళకుండానే తనఖా ఆస్తి అమ్మవచ్చు. సాగుభూమి ఈ చట్టం పరిధిలోకి రాదు. బాకీదారుకు 60 రోజుల డిమాండ్ నోటీసు, తర్వాత స్వాధీనం, ఆపైన వేలం ప్రకటన వరుసగా జరుగుతాయి. ప్రభుత్వరంగ బ్యాంకుల వేలం ఆస్తులను ఒకచోట చేర్చే ‘బ్యాంక్‌నెట్’ పోర్టల్ 2025 జనవరిలో వచ్చింది. అంతకుముందు ఈ పని ఐబీఏపీఐ, ఈ-బిక్రయ్ చేసేవి. పాల్గొనేవారు సాధారణంగా రిజర్వు ధరలో 10 శాతం ధరావతు కట్టాలి. గెలిస్తే ధరావతుతో కలిపి 25 శాతం అదేరోజు లేదా మర్నాటి పనిదినానికి, మిగతాది అమ్మకం ధ్రువీకరించిన 15 రోజుల్లోగా చెల్లించాలి. పొడిగింపు దొరకక, డబ్బు సమకూరక కట్టింది పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఇంటి అప్పు మంజూరుకు పదిహేను రోజులు తరచూ చాలవు.

ప్రకటనలో చూడవలసిన మాట ‘స్వాధీనం’. భౌతిక స్వాధీనం అంటే తాళం బ్యాంకు చేతిలో ఉంది. ప్రతీకాత్మక (సింబాలిక్) స్వాధీనం అంటే కాగితం మీద మాత్రమే, లోపల బాకీదారో అద్దెదారో ఉన్నారు. రెండో రకం చవకగా పలకడానికి కారణం అదే. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్మకం కనుక పాత ఆస్తిపన్ను, అపార్ట్‌మెంటు నిర్వహణ బకాయిలు కొన్నవారి మీద పడవచ్చు. కరెంటు బకాయిలను కొత్త యజమాని నుంచి వసూలు చేసే అధికారాన్ని సుప్రీంకోర్టు 2023లో సమర్థించింది. అదే ఏడాది బాఫ్నా మోటార్స్ కేసులో, వేలం ప్రకటన వెలువడ్డాక అప్పు తీర్చి ఆస్తిని విడిపించుకునే హక్కు బాకీదారుకు ఉండదని తీర్పిచ్చింది. రుణ వసూళ్ళ ట్రైబ్యునళ్ళలో వ్యాజ్యాలు మాత్రం ఆ తర్వాతా సాగుతూనే ఉన్నాయి.

ప్రభుత్వ సంస్థల వేలం రెండో రకం. హెచ్‌ఎండీఏ 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో 45.33 ఎకరాలను ఆన్‌లైన్ వేలంలో అమ్మినప్పుడు ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది, మొత్తం 3,319.60 కోట్లు వచ్చింది. ఇది పెద్ద సంస్థల రంగం. అదే నెల మోకిలలో హెచ్‌ఎండీఏ ప్లాట్లు వేలం వేసినప్పుడు విడి కొనుగోలుదారులూ పాల్గొన్నారు. ఇటువంటి ప్లాట్లకు హక్కు చిక్కులు తక్కువ, కానీ పోటీలో ధర చుట్టుపక్కల బజారు ధరను మించిపోయే సందర్భాలు ఎక్కువ.

పరోక్ష పెట్టుబడి

ఆస్తిని నేరుగా కొనకుండా అద్దె ఆదాయంలో వాటా పొందే వీలిచ్చే రీట్‌లకు (స్థిరాస్తి పెట్టుబడి ట్రస్టులు) స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2014లో నిబంధనలు చేసింది. 2019లో ఎంబసీ రీట్ మొదటగా లిస్టయింది. 2020లో వచ్చిన మైండ్‌స్పేస్ రీట్‌లో మాదాపూర్ ఐటీ పార్కు, 2023లో వచ్చిన నెక్సస్ సెలెక్ట్ ట్రస్టులో హైదరాబాద్ మాల్ ఉన్నాయి. డీమ్యాట్ ఖాతాతో ఒక్క యూనిట్ కూడా కొనవచ్చు. ఒక ఆస్తిని వాటాలుగా అమ్ముతూ, నియంత్రణ లేకుండా పెరిగిన ఫ్రాక్షనల్ వేదికల కోసం సెబీ 2024లో చిన్న, మధ్యతరహా రీట్‌ల చట్రం తెచ్చింది. అందులో కనీస పెట్టుబడి 10 లక్షలు.

నేర్చుకునే వనరులు

తెలుగులో ఈ విషయం నేర్పే పుస్తకాలు తక్కువ, వీడియోలు లెక్కలేనన్ని. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో పని ఎలా సాగుతుంది, ఈసీ ఎలా చదవాలి, మ్యుటేషన్‌కు ఏ పత్రాలు కావాలి వంటి ఆచరణ విషయాల్లో విశ్రాంత రెవెన్యూ ఉద్యోగులు, న్యాయవాదులు చేసే వీడియోలు ఉపయోగకరం. ‘ఫలానా రోడ్డు పక్కన కొంటే ఐదేళ్ళలో రెట్టింపు’ తరహా వీడియోల్లో చాలావరకు వెంచర్ వారి ప్రచారమే. హైదరాబాద్ చుట్టూ ప్రతిపాదించిన ప్రాంతీయ వలయ రహదారి పటాన్ని చూపించి అమ్మేవి వీటిలో ఎక్కువ. డబ్బు తీసుకుని ప్రచారం చేస్తే ఆ సంగతి వీడియోలోనే చెప్పాలని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు విడుదల చేసింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద 10 లక్షల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా ఉంది. షేర్ల సలహాదారులు సెబీ వద్ద నమోదు కావాలి. భూమి మీద పెట్టుబడి సలహా ఇచ్చేవారికి అటువంటి నమోదు లేదు.

చదివే ఓపిక ఉన్నవారికి రెరా తీర్పులే ఉత్తమ పాఠాలు. బిల్డరు ఏ నిబంధన చూపి తప్పించుకోజూశాడు, కొనుగోలుదారు ఏ కాగితం లేక నష్టపోయాడు అన్నది ఏ శిక్షణ తరగతిలోనూ ఇంత వివరంగా దొరకదు.

ప్రవాసుల వినియోగం

అమెరికా, గల్ఫ్, ఆస్ట్రేలియాల్లోని తెలుగువారికి అంతర్జాలం సౌకర్యం కాదు, అవసరం. విదేశీ మారక చట్టం ప్రకారం ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డుదారులు ఇళ్ళు, వాణిజ్య ఆస్తులు కొనవచ్చు. సాగుభూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనకూడదు. వారసత్వంగా పొందవచ్చు. ఫామ్ ప్లాట్ల ప్రకటనలు ప్రవాసులనే గురిపెట్టి తిరగడం ఈ నేపథ్యంలో గమనించదగ్గది. విదేశం నుంచి పంపే పవర్ ఆఫ్ అటార్నీని సాధారణంగా భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి, దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. తమ పాత ప్లాటు ఈసీని ఏటా ఒకసారి ఆన్‌లైన్‌లో చూసుకోవడం ప్రవాసుల్లో అలవాటవుతోంది. ఖాళీ ప్లాట్లకు నకిలీ యజమానులతో డబుల్ రిజిస్ట్రేషన్ జరిగిన కేసులు ఎక్కువగా ఊళ్ళో లేనివారివే.

మోసాల రకాలు

ప్రీ లాంచ్: అనుమతులు, రెరా నంబరు రాకముందే సగం ధరకు ఫ్లాటు ఇస్తామని మొత్తం సొమ్ము ఒకేసారి తీసుకోవడం. దీనికే మరో రూపం యూడీఎస్, అంటే కట్టని భవనం కింద భూమిలో విభజించని వాటాను రిజిస్టరు చేయడం. కొన్నవారి చేతిలో దస్తావేజు ఉంటుంది, ఫ్లాటు ఉండదు, ఆ వాటాను విడిగా అమ్ముకోవడమూ కష్టమే. హైదరాబాద్ శివార్లలో వేలమంది ఇలా చిక్కుకున్నారు.

ఫామ్ ల్యాండ్: లేఅవుట్ అనుమతి లేకుండా సాగుభూమిని గుంటల లెక్కన విడగొట్టి అమ్మడం. 20 గుంటల లోపు ఫామ్ ప్లాట్ల అమ్మకంపై తెలంగాణ పట్టణ ప్రణాళిక శాఖ హెచ్చరికలు జారీ చేసింది. ఇటువంటి ప్లాటులో ఇంటికి అనుమతి రాదు.

టోకెన్ మోసం: పోర్టల్లో వేరేవారి ఫొటోలతో ఆకర్షణీయమైన ధరకు ప్రకటన పెట్టి, ‘మరొకరు వస్తున్నారు’ అని తొందరపెట్టి అడ్వాన్సు వేయించుకోవడం. సైనికుడినని చెప్పుకుని యజమానులకు క్యూఆర్ కోడ్ పంపి డబ్బు లాగడం దీనికి తిరగేసిన రూపం. సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే సొమ్మును బ్యాంకు ఖాతాలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ. ప్రీ లాంచ్ వంటి రెరా ఉల్లంఘనలకు ఆయా రాష్ట్రాల రెరా వెబ్‌సైట్లలోనే ఆన్‌లైన్ ఫిర్యాదు పత్రం ఉంటుంది. ప్రాజెక్టు రిజిస్టరు కాకపోయినా ఫిర్యాదు తీసుకుంటారు.